ప్రయాణికులు ఎక్కకముందే: విమానంలో అత్యవసర పరికరాల తనిఖీ, మొదటి నుంచి చివరి దాకా

ప్రయాణికులు లోపలికి రాకముందు క్యాబిన్ సిబ్బందికి దొరికే సమయం మహా అయితే పదీ పదిహేను నిమిషాలు. ఆ కాస్త వ్యవధిలో తమ సీటు, తమ తలుపు, మంటలార్పే సిలిండర్లు, ఆక్సిజన్ సీసాలు, పొగ ముసుగులు, టార్చిలు, మెగాఫోన్లు, మందుల పెట్టెలు అన్నీ చూసుకోవాలి. ఒక పక్క కేటరింగ్ వాళ్లు ట్రాలీలు ఎక్కిస్తుంటారు. శుభ్రం చేసేవాళ్లు ఇంకా వెనక వరుసల్లోనే ఉంటారు. బోర్డింగ్ మొదలుపెట్టవచ్చా అని గ్రౌండ్ సిబ్బంది అప్పటికే రెండోసారి అడిగి ఉంటారు. ఈ హడావిడిలో తనిఖీ కాస్తా కాగితం మీద టిక్కులు కొట్టే తంతుగా మారిపోతుంది.

వస్తువు ఉందో లేదో చూస్తే పని సగమే అయినట్లు. అది ఎక్కడుందో, దాని గొళ్లెం ఎటు తిరుగుతుందో చేతికి అలవాటు కావడం మిగతా సగం. అర్ధరాత్రి కరెంటు పోతే వంటింట్లో అగ్గిపెట్టె కోసం చెయ్యి తనంతట తానే వెళ్లినట్లు, పొగ కమ్మిన క్యాబిన్‌లో మీ చెయ్యి పరికరం దగ్గరికి వెళ్లాలి. 1983 జూన్ 2న ఎయిర్ కెనడా 797 విమానం వెనక టాయిలెట్ వైపు మంటలు రేగాయి. పైలట్లు సిన్సినాటిలో దించేసరికి లోపల పొగ దట్టంగా నిండిపోయింది. ఉన్న 46 మందిలో 23 మంది బయటికి రాలేకపోయారు. టాయిలెట్లలో పొగను పసిగట్టే డిటెక్టర్లు, నడవ నేల వెంట దారి చూపే దీపాలు తప్పనిసరి కావడానికి ఆ ప్రమాదం పెద్ద కారణం. అలాంటి పొగలో కళ్లు దేనికీ పనికిరావు. అందుకే దూరం నుంచి చూసి టిక్కు పెట్టడాన్ని నేను తనిఖీగా లెక్కవేయను. ప్రతి వస్తువునూ చేత్తో తాకాలి.

ఇక్కడ చెప్పేదంతా మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320 కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది. శంషాబాద్ నుంచో గన్నవరం నుంచో కొత్తగా డ్యూటీ ఎక్కేవారికి తరచుగా ఎదురయ్యేది ఆ విమానమే. బోయింగ్ 737, ఏటీఆర్ 72లలో ఉండే తేడాలను అవసరమైన చోట చెబుతాను. మీ సంస్థ సేఫ్టీ మాన్యువల్ ఒకటి చెప్పి, ఈ వ్యాసం ఇంకొకటి చెబితే మాన్యువల్‌నే పాటించండి.

1. బ్రీఫింగ్ గదిలోనే మొదలవుతుంది

విమానం రిజిస్ట్రేషన్ తెలుసుకోండి. మన దేశపు విమానాలకు వీటీతో మొదలై మూడు అక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాలతో మనకేం పని అనుకోవద్దు. ఒకే సంస్థలో, ఒకే మోడల్ విమానాలు రెండు ఉంటే వాటిలో పరికరాలు ఒకే చోట ఉండాలని ఏమీ లేదు. ఇంకో దేశపు సంస్థ వాడిన విమానం లీజు మీద వచ్చిందంటే మెగాఫోను తలమీది అరలోనూ ఉండవచ్చు, చివరి వరుస వెనకా ఉండవచ్చు. పరికరాల చోట్లను చూపించే పటం ప్రతి విమానానికీ ఉంటుంది. మీకు కేటాయించిన తలుపు చుట్టుపక్కల ఏమేం ఉన్నాయో ఆ పటంలో చూసుకుని వెళ్లండి. విమానంలోకి వెళ్లాక వెతుక్కోవడం మొదలుపెడితే సగం సమయం దానికే పోతుంది.

ఎన్ని ఉండాలో కూడా స్థూలంగా తెలిసి ఉండాలి. అమెరికా, ఐరోపా నిబంధనల ప్రకారం 61 నుంచి 200 సీట్ల విమానానికి క్యాబిన్‌లో చేత్తో వాడే మంటలార్పే సిలిండర్లు కనీసం మూడు, వంద సీట్లు దాటితే మెగాఫోన్లు రెండు ఉండాలి. ఐరోపా నిబంధనల ప్రకారం 101 నుంచి 200 సీట్లకు ప్రథమ చికిత్స పెట్టెలు రెండు. ఇవి కనీస సంఖ్యలు మాత్రమే. చాలా సంస్థలు అంతకన్నా ఎక్కువే పెడతాయి. మీరు సరిచూడవలసినది మీ విమానం పటంలో ఉన్న సంఖ్యతో. చట్టం చెప్పిన కనీస సంఖ్య ఉంది కదా అని సరిపెట్టుకోకండి.

2. ముందు జంప్ సీటు

లోపలికి అడుగుపెట్టగానే మీ బ్యాగు పెట్టే చోటు చూసుకోండి. సిలిండర్ ముందో పొగ ముసుగు పెట్టె ముందో దాన్ని పెడితే మీ తనిఖీని మీరే పాడుచేసుకున్నట్లు. ఆ వెంటనే జంప్ సీటు, అంటే తలుపు పక్కన సిబ్బంది కూర్చునే మడత సీటు, దగ్గరికి వెళ్లండి. సీటును కిందికి లాగి, ఒక్కసారిగా వదలండి. అది తనంతట తానే పైకి మడుచుకోవాలి. సగంలో ఆగినా, నెమ్మదిగా ఈడ్చుకుంటూ వెళ్లినా లాగ్‌బుక్కులో రాయాల్సిందే. సీటు ఉండేది తలుపు దారిలో. జనం తలుపు వైపు తోసుకొచ్చే వేళ అది తెరుచుకునే ఉండిపోతే మొదటి మనిషి మోకాలికి అడ్డంపడుతుంది.

తర్వాత పట్టీలు. భుజాల మీది రెండు పట్టీలనూ ఒక్క కుదుపుతో లాగితే బిగుసుకోవాలి, మెల్లగా లాగితే రావాలి. బకిల్‌ను పెట్టి, విప్పి చూడండి. పట్టీ అంచులు పీచు లేచి ఉన్నాయేమో వేళ్లతో తడమండి. సీటు కింద మీ లైఫ్ జాకెట్ ఉంటుంది. సిబ్బంది జాకెట్ రంగు ప్రయాణికుల పసుపు రంగుకు భిన్నంగా, సాధారణంగా నారింజలోనో ఎరుపులోనో ఉంటుంది. నీళ్లలో ఎవరి మాట వినాలో ప్రయాణికులకు తెలియడానికే ఆ తేడా. అక్కడ పసుపు జాకెట్ కనిపిస్తే ఎవరో సర్దుబాటు చేసి వెళ్లారన్నమాట. వదిలేయకండి.

ఇంటర్‌ఫోన్ రిసీవర్‌ను తీసి, వెనక స్టేషన్‌తో ఒక మాట మాట్లాడండి. అనౌన్స్‌మెంట్ మైకు పనిచేస్తోందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

టార్చి జంప్ సీటు పక్కనే గోడకు బ్రాకెట్‌లో ఉంటుంది. చాలా రకాలకు స్విచ్ ఉండదు. బ్రాకెట్ నుంచి ఊడదీస్తే దానంతట అదే వెలుగుతుంది, తిరిగి పెడితే ఆరిపోతుంది. అందుకే ప్రతిసారీ ఊడదీయడం వద్దు, బ్యాటరీ వృథా. దాని మీద చిన్న ఎరుపు దీపం కొన్ని సెకన్లకోసారి మిణుకుమంటుంది. ఆ మిణుకు కోసం ఆగి చూడాలి. హడావిడిలో ఉన్నవారికి ఆ కొన్ని సెకన్లే చాలా పెద్దవిగా అనిపిస్తాయి. మిణుకు మరీ ఆలస్యంగా వచ్చినా, అసలు రాకపోయినా టార్చి మార్చాలి.

3. తలుపు

ఏ320లో ముందు రెండు, వెనక రెండు పెద్ద తలుపులు. మధ్యలో రెక్కల మీదికి దిగే ఎగ్జిట్‌లు నాలుగు. మీ తలుపు దగ్గర ముందుగా చూడవలసినది స్లైడ్‌ను, అంటే అత్యవసరంలో జనం జారి దిగే గాలి బల్లను, ఉబ్బించే సిలిండర్ గేజ్ (ఒత్తిడి చూపే మీటరు). ముల్లు పచ్చ భాగంలో ఉండాలి. అత్యవసరంలో తలుపును తోసి తెరిచే సిలిండర్‌కు ఇంకో గేజ్ ఉంటుంది, దాన్నీ చూడండి. రెండూ పచ్చలోనే ఉండాలి. స్లైడ్ మడిచి ఉన్న పెట్టె తలుపు అడుగు భాగంలో పొంగుగా కనిపిస్తుంది. దాని కవరు చినిగిందా, అంచులు ఊడి వేలాడుతున్నాయా అని అరచేతితో ఒకసారి రాసి చూడండి.

తలుపు తెరవగానే స్లైడ్ విచ్చుకునేలా పెట్టడాన్ని ఆర్మ్ చేయడం అంటారు, విచ్చుకోకుండా పెట్టడం డిసార్మ్. ఆర్మింగ్ లివర్ డిసార్మ్ స్థానంలో ఉందా, సేఫ్టీ పిన్ను పూర్తిగా లోపలికి దిగిందా, దానికి కట్టిన ఎర్ర పట్టీ బయటికి వేలాడుతోందా అని చూడాలి. బోర్డింగ్ పూర్తయి, తలుపు మూసి, పర్సర్ (క్యాబిన్ సిబ్బంది పెద్ద) నుంచి ఆదేశం వచ్చేదాకా ఆ లివర్ జోలికి వెళ్లకండి. కేటరింగ్ ట్రక్కు అవతల ఆనుకుని ఉండగా ఆర్మ్ చేసిన తలుపు తెరిస్తే స్లైడ్ కొన్ని సెకన్లలో ఉబ్బి బయటికి దూసుకుపోతుంది. అవతలి మనిషికి దెబ్బ తగలడం ఒకటి, స్లైడ్ మార్చేదాకా ఆ తలుపు పనికిరాకుండా పోవడం ఇంకొకటి.

గుమ్మం దగ్గర నేలలో రెండు చిన్న బిగింపులు ఉంటాయి. ఆర్మ్ చేసినప్పుడు స్లైడ్‌ను పట్టి ఉంచే గర్ట్ బార్ వాటిలోనే ఇరుక్కుంటుంది. చాలామంది కళ్లు అటు వెళ్లవు. ట్రాలీ చక్రాల కింద నలిగిన ప్లాస్టిక్ ముక్క, చక్కెర పొట్లం, బూటుకు అంటుకొచ్చిన మట్టి సరిగ్గా అక్కడే చేరుతుంటాయి. వంగి, వేలితో తడిమి చూడండి. వానాకాలంలో రిమోట్ బే (టెర్మినల్‌కు దూరంగా విమానం నిలిపే చోటు) నుంచి మెట్ల మీదుగా ఎక్కించిన విమానమైతే ఈ ఒక్క చోట రెండుసార్లు చూడమంటాను.

తలుపు కిటికీ గాజు శుభ్రంగా ఉండాలి. అత్యవసరంలో బయట మంట ఉందో లేదో తేల్చుకునేది దానిలోంచే. తలుపు పక్కన ఉండే పట్టుకునే హ్యాండిల్‌ను గట్టిగా లాగి చూడండి, తోపులాటలో మీరు బయటికి పడిపోకుండా కాపాడేది అదే.

బోయింగ్ 737లో గర్ట్ బార్‌ను సిబ్బందే వంగి చేత్తో నేల బిగింపుల్లో పెట్టాలి. తలుపు ఆర్మ్ అయిందని చెప్పే ఎర్ర పట్టీని కిటికీకి అడ్డంగా కడతారు. స్లైడ్ గేజ్‌ను పెట్టెకున్న చిన్న కన్నంలోంచి చూడాలి. కడప, రాజమండ్రి లాంటి చోట్లకు తిరిగే ఏటీఆర్ 72కు స్లైడ్‌లే ఉండవు, గుమ్మం నేలకు అంత దగ్గర. అక్కడ చూడవలసినది తలుపు యంత్రాంగం, ఎమర్జెన్సీ ఎగ్జిట్ హ్యాండిల్ కవర్లు.

4. మంటకు, పొగకు సంబంధించినవి

ఈ భాగం దగ్గర తొందరపడవద్దు. విమానం నేల మీద ఉన్నప్పుడు తలుపు తెరుచుకుని బయటపడవచ్చు. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో మంట రేగితే ఆర్పవలసింది మీరే, మీ చేతిలో ఉన్నదానితోనే.

సిలిండర్లు రెండు రకాలు కనిపిస్తాయి. మొదటిది హాలన్ 1211, లేదా దాని బదులుగా వచ్చిన కొత్త వాయువులు. హాలన్ ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది కాబట్టి సంపన్న దేశాల్లో దాని తయారీ 1994 నాటికే ఆగిపోయింది. అయినా విమానాల్లో ఇన్నేళ్లు నిలిచిందంటే అంత తక్కువ బరువులో అంత బాగా మంటను ఆర్పేది మరొకటి తేలిగ్గా దొరకలేదు. రెండోది నీటి సిలిండర్. గుడ్డ, కాగితం, దిండ్లు లాంటివి అంటుకున్నప్పుడు మాత్రమే వాడాలి. కరెంటు మంట మీద ఎత్తకూడదు. రెండూ పక్కపక్కనే ఉన్న విమానంలో ఏది ఎటు వైపు ఉందో చేతికి తెలియాలి.

సిలిండర్ దగ్గర చూపు ఈ క్రమంలో సాగాలి: గేజ్ ముల్లు పచ్చలో ఉందా, సేఫ్టీ పిన్ను, దాన్ని పట్టి ఉంచిన సన్నని సీలు తెగకుండా ఉన్నాయా, నాజిల్ ముక్కులో ఏదైనా ఇరుక్కుందా, గడువు తేదీ దాటిందా, బ్రాకెట్ గొళ్లెం బిగువుగా ఉందా. నీటి సిలిండర్లలో కొన్నింటికి గేజ్ ఉండదు. హ్యాండిల్‌ను తిప్పినప్పుడు లోపలి గ్యాస్ గుళిక పగిలి ఒత్తిడి పుడుతుంది. అలాంటి వాటికి హ్యాండిల్‌కు చుట్టిన సీలు తీగే సాక్ష్యం. తీగ తెగి ఉంటే ఎవరో తిప్పి ఉండవచ్చు, అది నిండుగా ఉందని నమ్మకండి. చివరగా గొళ్లెం మీద బొటనవేలు పెట్టి అది తెరుచుకునే దిక్కు గుర్తుపెట్టుకోండి. తెరవనవసరం లేదు. చిన్న హాలన్ సిలిండర్ నొక్కి పట్టుకుంటే పది సెకన్ల అటూ ఇటూగా ఖాళీ అవుతుంది. గొళ్లెంతో కుస్తీ పట్టేంత సమయం మంట ఇవ్వదు.

పొగ ముసుగును సిబ్బంది పీబీఈ అంటారు. తలంతా కప్పేసే ఆ సంచి సుమారు పదిహేను నిమిషాలు ఊపిరి ఆడేలా చూస్తుంది. ఇది వాక్యూమ్ తీసిన వెండి రంగు సంచిలో, గట్టి పెట్టె లోపల ఉంటుంది. పెట్టెను తెరవకుండా దాని సీలు చూస్తారు. సంచి కనిపించే రకమైతే అరచేతితో మెల్లగా నొక్కండి. లోపలి వస్తువు ఆకారం సంచి మీద తేలి, గట్టిగా, ఇటుకలా తగలాలి. సంచి మెత్తగా ఉబ్బి, అప్పడంలా గాలి నిండినట్లు ఉంటే ఎక్కడో చిల్లు పడింది. లోపలి రసాయనం తేమను పీల్చుకుని ఉంటుంది, అవసరానికి ఆక్సిజన్ ఇస్తుందన్న భరోసా లేదు. కొన్ని రకాలకు తేమ సూచిక ఉంటుంది. నీలంగా ఉంటే మంచిది, గులాబీ రంగుకు తిరిగితే పక్కన పెట్టాల్సిందే. కాకినాడ, మచిలీపట్నం తీరాల్లో పెరిగినవారికి తేమ ఏమేం పాడుచేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

అగ్ని నిరోధక చేతి తొడుగులు జత ఉన్నాయా, రెండూ ఒకే చేతివి కావు కదా అని చూడండి. నవ్వులాటలా ఉంటుంది గానీ తనిఖీలో ఇలాంటివి బయటపడతాయి. లిథియం బ్యాటరీల కోసం ప్రత్యేక సంచి ఉంటే దాన్ని కూడా తాకి చూడండి. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గింహే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం బయలుదేరకముందే తలమీది సామాను అరలో మంట రేగింది. అందరూ బయటపడ్డారు గానీ విమానం పైభాగం కాలిపోయింది. పవర్ బ్యాంకే కారణమై ఉండవచ్చని దర్యాప్తులో తేలింది. బ్యాటరీ మంటను హాలన్ అణచినా, అది మళ్లీ రాజుకోకుండా నీళ్లు పోసి చల్లబరచాలి. కాబట్టి గ్యాలీలో (విమానం వంటింట్లో) నీళ్ల సీసాలు ఎక్కడున్నాయో చూసుకోవడం కూడా ఈ తనిఖీలో భాగమే.

గొడ్డలి, కాక్‌పిట్ సిలిండర్, తప్పించుకునే తాళ్లు పైలట్లు చూసుకుంటారు.

5. ఆక్సిజన్ సీసాలు

2005 ఆగస్టు 14న గ్రీస్‌లో కూలిన హీలియోస్ 522లో 121 మంది చనిపోయారు. క్యాబిన్‌లో ఒత్తిడి లేక అందరూ స్పృహ తప్పిన చాలాసేపటికి కూడా ఒక క్యాబిన్ సిబ్బంది కాక్‌పిట్‌లోకి వెళ్లడం పక్కన ఎగురుతున్న యుద్ధ విమానాల పైలట్లు చూశారు. చేత్తో పట్టుకునే ఆక్సిజన్ సీసా అతన్ని నిలబెట్టిందని దర్యాప్తుదారులు భావించారు. ఈ సీసా ప్రయాణికుల ఆయాసానికి మాత్రమేనని ఎవరైనా అనుకుంటే ఆ ప్రమాదం గుర్తుచేయండి. 35,000 అడుగుల ఎత్తులో ఒత్తిడి పోతే తెలివిగా పనిచేయగలిగే సమయం అర నిమిషం నుంచి ఒక నిమిషం.

నిండు సీసాలో ఒత్తిడి 21 డిగ్రీల దగ్గర 1,800 పీఎస్‌ఐ. కానీ ముల్లు ఎప్పుడూ అక్కడే ఉండదు. మే నెల మధ్యాహ్నం గన్నవరంలో ఏసీ లేకుండా నిలిపిన విమానంలో లోపల 45 డిగ్రీలు ఉంటే అదే సీసా 1,950 దగ్గర చూపుతుంది. జనవరి తెల్లవారుజామున ఢిల్లీలో రాత్రంతా నిలిచిన విమానంలో 5 డిగ్రీలు ఉంటే 1,700 దగ్గరికి దిగుతుంది. వాయువు అంతే ఉంది, వేడి మారింది. బయలుదేరడానికి కనీసం ఎంత ఉండాలో మీ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. చలి ఉదయాల్లో ఆ గీతకు కాస్త పైన కనిపిస్తే కంగారుపడకుండా, కింద కనిపిస్తే చలి వల్లే అని వదిలేయకుండా ఇంజినీరుకు చూపించండి. తేల్చవలసినది ఆయన.

310 లీటర్ల సీసా నిమిషానికి 4 లీటర్ల చొప్పున దాదాపు 77 నిమిషాలు, 2 లీటర్ల చొప్పున రెండున్నర గంటలు వస్తుంది. 120 లీటర్ల చిన్న సీసా అయితే అరగంట, గంట. విశాఖ నుంచి హైదరాబాద్‌కు వచ్చే గంట ప్రయాణానికీ, హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే నాలుగు గంటల ప్రయాణానికీ ఈ లెక్క వేరు. ముందు ప్రయాణంలో సీసా వాడి ఉంటే ఎంత మిగిలిందో తప్పక చూడండి.

మాస్కు సంచి సీలుతో ఉండాలి. గొట్టం మెలిక పడకూడదు. వాల్వు మూసి ఉండాలి. భుజానికి తగిలించుకునే పట్టీ ఉండాలి. సీసాను ముట్టుకునే ముందు చేతులకు క్రీమ్, శానిటైజర్ తడి లేకుండా చూసుకోండి. శుద్ధ ఆక్సిజన్ దగ్గర నూనె పదార్థం తేలిగ్గా అంటుకుంటుంది. ప్రయాణికుడికి మాస్కు పెట్టేటప్పుడు లిప్‌స్టిక్ తుడవమనేది కూడా అందుకే.

6. మెగాఫోను

చాలా తేలిగ్గా తీసుకునే వస్తువు ఇదే. పీఏ (అనౌన్స్‌మెంట్ మైకు) ఉంది కదా, ఇదెందుకు అంటారు. 2024 జనవరి 2న టోక్యో హనేడా రన్‌వే మీద జపాన్ ఎయిర్‌లైన్స్ 516 కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొని తగలబడింది. లోపల 379 మంది. పీఏ పనిచేయలేదు. ఎనిమిది ఎగ్జిట్‌లలో మూడే వాడటానికి వీలైంది. సిబ్బంది మెగాఫోన్లతో, గొంతులు చించుకుని ఆదేశాలిచ్చి ఒక్కరు మిగలకుండా అందరినీ దింపారు.

బ్రాకెట్ నుంచి తీసి, ట్రిగ్గర్‌ను ఒక్కసారి నొక్కండి. టిక్కుమనే చిన్న శబ్దమో, సన్నని గుయ్‌మనే మోతో వస్తే బ్యాటరీ ఉంది. దగ్గర్లో శుభ్రం చేస్తున్నవారి చెవిలో అరవనక్కర్లేదు. వాల్యూమ్ చక్రం పూర్తిగా తగ్గించి ఉంటే పెంచి పెట్టండి. నిజంగా వాడే వేళ దాన్ని వెతికే తీరిక ఉండదు.

7. మందుల పెట్టెలు

ప్రథమ చికిత్స పెట్టెకు, డాక్టర్లు వాడే ఎమర్జెన్సీ మెడికల్ కిట్‌కు సీలు ఉండాలి, గడువు తేదీ ఉండాలి. అంతే. తెరిచి లోపల లెక్కపెట్టడం మీ పని కాదు. సీలు తెగి ఉంటే కొన్ని వాడేసి ఉండవచ్చు, పెట్టె మార్చమని చెప్పండి. సీలు నంబరు రాసుకునే పద్ధతి మీ సంస్థలో ఉంటే సరిచూడండి. గుండె ఆగిపోయినప్పుడు వాడే ఏఈడీ ఉంటే దాని సూచిక దీపమో గుర్తో సిద్ధంగా ఉన్నట్లు చూపాలి. రక్తం, వాంతి లాంటివి శుభ్రం చేసే కిట్ ఉందో లేదో కూడా ఇక్కడే చూసేస్తారు.

8. టాయిలెట్

1973 జులై 11న పారిస్ ఓర్లీ దగ్గర కూలిన వరిగ్ 820లో మంట మొదలైంది వెనక టాయిలెట్‌లోనే. 123 మంది ప్రాణాలు పోయాయి. సిగరెట్ పీక చెత్తబుట్టలో పడి ఉండవచ్చని భావించారు. ఆ చెత్తబుట్ట మూతను వేలితో లోపలికి తోసి వదలండి. స్ప్రింగ్ బిగువుతో టక్కున మూసుకోవాలి. మూత సగం తెరిచి ఉంటే లోపల రేగిన మంటకు గాలి అందుతూనే ఉంటుంది.

బుట్ట మీద సొంతంగా పనిచేసే చిన్న మంటలార్పే సీసా ఒకటి ఉంటుంది. వేడి తగిలితే దాని ముక్కు కరిగి వాయువు వదులుతుంది. పక్కన ఉష్ణోగ్రత పట్టీ మీద లేత రంగు చుక్కలు ఉంటాయి. వాటిలో ఏదైనా నల్లబడి ఉంటే అక్కడ ఎప్పుడో వేడి పుట్టింది, సీసా ఖాళీ అయి ఉండవచ్చు. ఆ చుక్కలు చూడటానికి బుట్ట తలుపు తెరిచి వంగాలి. వంగని వాళ్లే ఎక్కువ.

పొగ డిటెక్టర్ పైకప్పులో ఉంటుంది. పచ్చ దీపం వెలుగుతూ ఉండాలి, రంధ్రాలు మూసుకుపోకూడదు. టిష్యూ కాగితం కుక్కి, పైన స్టిక్కర్ అంటించి పొగ తాగే ఘనులు ఇంకా ఉన్నారు. తలుపు దగ్గరి యాష్‌ట్రే కూడా ఉందో లేదో చూడండి. పొగ తాగడం నిషేధమైన విమానంలో యాష్‌ట్రే ఎందుకని కొత్తవాళ్లందరూ అడుగుతారు. నిషేధాన్ని ధిక్కరించి వెలిగించినవాడు ఆ పీకను చెత్తబుట్టలో పారేయకుండా ఉండటానికి.

9. లైఫ్ జాకెట్లు, దీపాలు

ప్రయాణికుల సీట్ల కింద జాకెట్లను కొన్ని వరుసలు ఎంచుకుని తాకి చూడండి, ఏ సంస్థ అయినా ఎన్ని చూడాలో చెబుతుంది. జ్ఞాపికగా పట్టుకుపోయేవారు ఉంటారు. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం), హైదరాబాద్ నుంచి సింగపూర్ లాంటి బంగాళాఖాతం మీది ప్రయాణాలకు పసిపిల్లల జాకెట్ల సంఖ్యను కూడా లెక్కపెట్టండి. ప్రదర్శనకు వాడే డెమో జాకెట్ అసలు జాకెట్లలో కలిసిపోకూడదు.

ఎమర్జెన్సీ దీపాల బటన్ ముందు ప్యానెల్‌లో ఉంటుంది. పర్సర్ దాన్ని నొక్కినప్పుడు ఒకరు నడవలో నిలబడి ఎగ్జిట్ బోర్డులన్నీ వెలిగాయా అని చూడాలి. నేల మీది దారి పట్టీలు కొన్ని విమానాల్లో వెలుతురును పీల్చుకుని చీకట్లో మెరిసే రకం. రోజు మొదటి ప్రయాణానికి ముందు క్యాబిన్ దీపాలన్నీ పూర్తి వెలుతురులో కొంతసేపు ఉంచకపోతే అవి మెరవవు. ఉదయాన్నే కంటికి ఇంపుగా ఉంటుందని దీపాలు తగ్గించేవారు ఈ సంగతి మరిచిపోతారు.

10. చెప్పడం, రాయడం

ఈ పరికరాలు చూసేటప్పుడే అపరిచిత వస్తువుల కోసం కూడా చూస్తారు. ఏదైనా కనిపిస్తే ముట్టుకోవద్దు, కదపవద్దు, వెంటనే పర్సర్‌కు చెప్పండి.

లోపం దొరికితే కంటికి కనిపించిందే రాయండి. సిలిండర్ పాడైంది అని రాస్తే ఇంజినీరుకు ఏమీ అర్థం కాదు. వెనక ఎడమ తలుపు పక్కనున్న హాలన్ సిలిండర్ గేజ్ ముల్లు ఎరుపులో ఉంది అని రాస్తే ఆయన నేరుగా అక్కడికే వస్తారు. ఆ లోపంతో విమానం వెళ్లవచ్చో లేదో తేల్చేది కెప్టెన్, ఇంజినీరు, ఏయే లోపాలతో వెళ్లవచ్చో చెప్పే, వారి చేతిలోని మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్. ఒక తలుపు స్లైడ్ పనిచేయకపోతే ప్రయాణికుల సంఖ్య తగ్గించి వెళ్లే ఏర్పాటు కూడా ఆ జాబితాలో ఉండవచ్చు. పరవాలేదు, ఒక్క ప్రయాణమే కదా అని క్యాబిన్‌లో ఎవరూ తీర్మానించకూడదు. ముందు తలుపు దగ్గర లేని టార్చి స్థానంలో వెనక నుంచి ఒకటి తెచ్చి పెట్టడం మరీ ప్రమాదం. లోపం అలాగే ఉండి, దాని చోటు మాత్రం మారుతుంది. పైగా పటం అబద్ధమవుతుంది.

తనిఖీ పూర్తి కాకుండానే బోర్డింగ్ మొదలుపెడదామని ఎవరైనా అంటే, ఇంకా రెండు నిమిషాలు కావాలి అని పర్సర్‌తో చెప్పండి. మంచి పర్సర్ ఆ రెండు నిమిషాలు ఇస్తారు. ఆలస్యం నివేదికలో కారణం రాయడం వాళ్లకు తెలుసు.

అదే సిబ్బంది, అదే విమానం, మధ్యలో కాసేపే ఆగుతుంటే పూర్తి తనిఖీ అక్కర్లేదని చాలా సంస్థలు చెబుతాయి. అప్పుడు కూడా స్లైడ్ గేజ్‌లు, టాయిలెట్‌లు, సీలు తెగిన పెట్టెలు, ముందు ప్రయాణంలో వాడిన ఆక్సిజన్ సీసా చూడండి. సిబ్బంది మారినా, విమానాన్ని ఎవరూ లేకుండా వదిలి వెళ్లినా మొదటి అంచె నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ముందు సిబ్బంది అన్నీ బాగున్నాయని చెప్పినా సరే.